విల్లు మీది తెల్లపూస

నా చిన్నప్పుడు నాకు ఒకచోట కాలు నిలిచేది కాదు. బడి సెలవులకి బర్మాలో మేముండే పజుండౌంగ్ నుంచి కాలవ ఒడ్డున ట్వంటేలో మా తాతయ్య ఇంటికి వెళ్తే, పడవ ఒడ్డుకి తగలకముందే దూకేసేదాన్ని.

నాకు పదకొండేళ్ళప్పుడు, తాతయ్య పెంచే బాతుపిల్లల్ని కాలవలోంచి ఒక ఉడుము వచ్చి ఎత్తుకుపోయేది. పన్నెండింటిలో ఏడే మిగిలాయి. అవి నా చేత్తో మేపిన పిల్లలు. అన్నం సహించేది కాదు నాకు.

తాతయ్య గంజాం నుంచి తెచ్చుకున్న వెదురు విల్లు దించాడు. ఆయన పద్ధతిలో గురి చూడ్డానికి విల్లు మీద గుర్తేమీ ఉండదు. రెండు కళ్ళూ తెరిచి, వేటవైపే చూస్తూ నారి లాగి వదలడమే. కాని అలాంటి చేయి రోజూ వాడితేనే నిలుస్తుంది. ముసలితనం, పైగా ఎన్నేళ్ళుగానో విల్లు పట్టలేదు. మూడు రోజులు బాణం వేశాడు, మూడు రోజులూ తప్పింది.

అప్పుడు సైకిళ్ళు బాగుచేసే మా మామ రెండు ఊచలు తెచ్చి విల్లుకి అడ్డంగా కట్టి, కొసలకి పూసలు గుచ్చాడు. ఇరవై అంగల దూరానికి పైనున్న ఎర్రపూస, ముప్ఫైకి కిందున్న తెల్లపూస. తగిన పూసని వేట మీద నిలిపి వదిలితే చాలు. ఏళ్ళ తరబడి నేర్చుకోవలసిన పని నాకు రెండు రోజుల్లో వచ్చేసింది, కొబ్బరి డొక్కలు వరసగా పడగొట్టాను! తాతయ్య మురిసిపోయాడు కాని, తాను లేకుండా కాలవ వైపు విల్లు ఎత్తొద్దన్నాడు.

నేనాగుతానా? మర్నాడు ఆయన పొలానికి వెళ్ళగానే కంచె దగ్గర కాపు కాశాను. అక్కడినుంచి గట్టుకి ముప్ఫై అంగలని ముందే నడిచి లెక్కపెట్టుకున్నాను. ఉడుము గట్టెక్కింది. తెల్లపూసని దాని వీపు మీద నిలిపి వదిలాను. బాణం దాని తల మీదుగా రెల్లులోకి దూసుకుపోయింది. రెల్లులోంచి మనిషి కేక వినబడింది.

పక్కింటి అక్క నడుంలోతు నీళ్ళలోంచి బయటికొచ్చింది. తూటికూర కోసుకుంటోందట. తల మీది వెదురు టోపీకి నా బాణం గుచ్చుకుని ఉంది. ఆమె నాన్న బర్మా ఆయన, అమ్మ మా తెలుగామె. పెదవులు తెల్లబడిపోయాయి ఆమెకి, అయినా నా మొహం చూసి, "నాకేటీ అవ్వనేదు. ముందు నువ్వు ఊపిరి తీసుకో," అంది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

తాతయ్య వచ్చి చెయ్యి చేసుకోలేదు. కంచె నుంచి గట్టుదాకా తాను నడిచి చూపించాడు. నా ముప్ఫై అంగలు పెద్దవాళ్ళకి ఇరవై! మామ తన అంగలతో కట్టిన పూసకి నేను నా బుల్లి అంగలు లెక్కపెట్టాను.

"పూస తప్పు సెప్పనేదు గుంటా. దూరం నువ్వే తప్పు సెప్పినావు," అన్నాడు.

మరి ఆ పలచటి రెల్లులో నడుం పైకి కనబడే మనిషి నా కంటికెందుకు ఆనలేదు? అదే ఆయన్ని అడిగాను. నన్ను అక్కతో రెల్లులోకి పంపి, గట్టు మీద ఉడుముకి బదులు మట్టిముద్ద పెట్టి, కంచె దగ్గర బాణం లేని విల్లు ఎత్తాడు. ఒక కన్ను మూసి, రెండోది పూసకి అంటించాడు. ఆ విల్లు సూటిగా నా మొహం వైపే ఉంది. బాణం లేదని తెలిసినా తల పక్కకి తప్పించుకున్నాను. చెయ్యి ఊపాను. రెండు చేతులూ ఊపాను. ఆయన చూడలేదు.

తర్వాత అడిగితే, "నిజంగానే కనబడనేదమ్మా," అన్నాడు.

ఇప్పుడు నాకే మనవలున్నారు. కోపమొస్తే నేను చెప్పిందే సరైనదనిపించి, ఆ ఒక్కటి తప్ప ఇంకేదీ కనబడని ఘడియలు నాకు ఇప్పటికీ వస్తాయి. నోటిదాకా వచ్చిన మాటని అప్పుడు పట్టి ఆపుతాను. దానికి అవతల, నా కంటికి ఆనని చోట ఎవరో నిలబడి రెండు చేతులూ ఊపుతున్నారేమోనని భయం.