పొగ వదలని పొగగొట్టం

ఎలమ్ గిష్ గీసిన బొమ్మల్లో ఏ పొగగొట్టమూ పొగ వదలదు. అతనికున్న పిచ్చి అదొక్కటే. మిగతా విషయాల్లో బుద్ధిమంతుడే. చర్చికి వెళ్తాడు, పెద్దవాళ్లు ఎదురైతే టోపీ తీస్తాడు. కుంచె పట్టాడంటే మాత్రం వాళ్ల ఊరు వెబర్స్‌బర్గ్‌లో కార్ఖానాలన్నీ చల్లారిపోవలసిందే.

అతను స్కేలు పెట్టి ఇళ్లను పెట్టెల్లా గీసినా, ఆకాశాన్ని పగిలిన అద్దంలా ముక్కలు చేసినా, ప్రతి బొమ్మ అడుగునా ఓ చిన్న ముక్కకు రంగే వేయకుండా వదిలేసినా ఊరు ఓర్చుకుంది. పొగ దగ్గరే పేచీ. ఎందుకంటే ఆ ఊళ్లో పొగంటే పని. తెల్లారి తలుపు తీస్తే పొగ కనబడాలి, అప్పుడే మగవాళ్లు అన్నం డబ్బా చేతపట్టేది.

"ఏమోయ్, మా నోట్లో మట్టి కొట్టావే! పొగేదీ?" అని మంగలి దుకాణంలో నిలదీశారు.

"భోజనానికి ఇంటికెళ్లిందండీ."

పాస్టరుగారు అడిగితే, "ఆదివారం గీశానండీ" అన్నాడు. కార్ఖానాకి ఆదివారం లేదన్న సంగతి ఆయనకూ తెలుసు.

ఈ వ్యవహారంలో అందరికంటే ఎక్కువ మండిపడ్డవాడు హైరమ్ కౌఫ్‌మన్. ఊళ్లోకెల్లా పొడుగైన పొగగొట్టం ఆయన కట్టిందే మరి.

"చదివింది ఊరిబళ్లో నాలుగో తరగతి! లేపింది నూట ఎనభై అడుగులు! గాలివానకి చర్చి శిఖరం వంగింది. నాది వంగిందా?" అని మొదలుపెట్టేవాడు. 'శిఖరం' దగ్గరికి వచ్చేసరికి వినేవాళ్లు టోపీలు వెతుక్కునేవారు.

అయితే ఆ పొగంతా వచ్చి ఆయనింటి మీదే పడేది. భార్య సలోమె ఊపిరితిత్తులు దానికే పాడయ్యాయి. ఆమె మంచం పక్క కిటికీకి సందు లేకుండా గుడ్డలు కుక్కారు. అద్దాలు మసిబారి పలకల్లా అయ్యాయి. డాక్టరు మందులు రాయడం మానేశాడు. వచ్చి వాతావరణం గురించి మాట్లాడి వెళ్తున్నాడు.

"ఏమయ్యా, ఒక్కసారి ఊరు చూడాలనుంది" అంది సలోమె.

ఆయన కార్ఖానా మేనేజరు దగ్గరికి వెళ్లాడు. ఒక్క పూట పొగ ఆపమన్నాడు.

"నువ్వు కట్టిందే కదయ్యా, కౌఫ్‌మన్" అన్నాడు మేనేజరు.

జీవితంలో మొదటిసారి ఆ మాట ఆయనకి పొగడ్తలా వినిపించలేదు. తిరిగొచ్చి తన పొగగొట్టం కింద నిలబడి చాలాసేపు పైకి చూశాడు. కోపగించుకుందామంటే అవి తను పేర్చిన ఇటుకలే.

ఇక మిగిలిన దారి పక్కింటి ఎలమ్ ఒక్కడే.

"ఒరే, మీ అత్తకి ఊరు బొమ్మ గీసివ్వు. నా పొగగొట్టం మధ్యలో ఉండాలి. పొగతో! పొగ లేకపోతే ఎవరో మరిచిపోయిన స్తంభంలా ఉంటుంది."

"చూద్దాం మామా."

బొమ్మ పట్టుకుని ఎలమ్ గుమ్మంలోకి వచ్చేసరికి హైరమ్ మొహం కందగడ్డయింది.

"పొగేదిరా?"

"దారిలో గాలికి పోయింది మామా."

"ఒళ్లు మండిస్తున్నావు! ఇదిగో, అడుగున ఈ ముక్కకి రంగూ వేయలేదు!"

"ఎవరూ, ఎలమా? ఇలా తీసుకురా" అని దగ్గుల మధ్య లోపలినుంచి పిలిచింది సలోమె.

బొమ్మ ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. వేలితో అడుగున తెల్లముక్కని తడిమింది.

"ఏమయ్యా, ఇది మన పెరడు."

"పెరడా? ఎక్కడే?"

"ఈ తెల్లది నా దుప్పటి. సోమవారం ఆరేసింది."

ఆ ఊళ్లో సోమవారమంటే చాకిరేవే. మంచం పట్టకముందు సలోమె తెల్లగా ఆరేసిన దుప్పటిని సాయంత్రానికి మసిగుడ్డలా తీసేది. మళ్లీ ఉతికేది, మళ్లీ అంతే.

ఎలమ్ టోపీ నలుపుతూ నిలబడ్డాడు. "చూస్తూనే ఉన్నాను కదత్తా, గోడ ఇవతల నుంచి. నా బొమ్మలోనైనా ఒక్కసారి ఉతికితే సరిపోవాలని..."

హైరమ్‌కి మంగలి దుకాణంలో బొమ్మ, పాస్టరుగారింట్లో బొమ్మ వరసగా కళ్లముందు మెదిలాయి. అన్నిటి అడుగునా రంగు వేయని తెల్లముక్క! వెళ్లి సుత్తి తెచ్చాడు. నల్లబడ్డ కిటికీకి అడ్డంగా బొమ్మ బిగించాడు.

సలోమె దగ్గు తగ్గలేదు. డాక్టరు ఇంకా వాతావరణమే మాట్లాడుతున్నాడు. అయితే ఇప్పుడు "ఇవాళ ఆకాశం బాగుంది" అంటే ఆమె కిటికీ వైపు చూసి ఔనంటోంది.

హైరమ్ మాత్రం వచ్చినవాళ్లందరినీ ఆ బొమ్మ ముందు నిలబెట్టడం మొదలుపెట్టాడు.

"చదివింది నాలుగో తరగతి! లేపింది నూట ఎనభై అడుగులు! ఇంత పొడుగు గొట్టం, చూడండి, చుక్క పొగ వదుల్తోందా? ఎవడు కట్టగలడు?"

"దుప్పటి కూడా చూపించు" అని మంచం మీంచి అంటుంది సలోమె. "అది ఉతికింది నేను."