ఎనిమిదింటి బస్సు

నాకు బాల్ బ్యాడ్మింటన్ ఆడటం రాదు. చూడటం మాత్రం నా అంత బాగా చూసేవాడు చోడవరంలో లేడని అప్పట్లో నా గట్టి నమ్మకం. పసుప్పచ్చ ఊలు బంతి, వలకి అటు ఐదుగురు, ఇటు ఐదుగురు, నేలమీద సున్నపు గీతలు. అరవైల చివర్లో తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరిన రోజు సాయంత్రమే హైస్కూలు మైదానంలో ఆ కోర్టు పక్కన నిలబడ్డాను. ఆ తర్వాత, జ్వరం వచ్చిన రోజులు తప్ప, నేను లేకుండా మా ఊరి జట్టు మ్యాచ్ ఆడలేదు. కె.కోటపాడులో పోటీలంటే సైకిలు, బుచ్చయ్యపేటలో అంటే సైకిలు, అనకాపల్లిలో అంటే ఎదురుగాలి వీస్తున్నా సైకిలే. పెళ్ళయిన నాలుగో రోజున అత్తవారింట్లో భోజనాల వేళకి మాయమై, కోటపాడులో సెమీఫైనల్ చూసి, దీపాలు పెట్టేవేళకి తిరిగి వచ్చాను. మామగారు మర్యాదస్తులు, ఏమీ అనలేదు. నా భార్య మాత్రం, "పెళ్ళి నాతో అయ్యిందా, ఆ బంతితోనా?" అంది. నేను పళ్ళికిలించాను.

ఆడటం రాకపోయినా జట్టులో నాకో ఉద్యోగం ఉండేది. ప్రతి మ్యాచ్‌కి ముందూ వల కట్టిన గుంజ దగ్గర కొబ్బరికాయ కొట్టేది నేనే. నా హస్తవాసి మంచిదని మా కెప్టెన్, అంటే హైస్కూలు డ్రిల్లు మేస్టారు, ఎప్పుడో తేల్చేశారు. ఒకసారి నాకు బదులు ఇంకెవరో కొట్టారు, ఆ రోజు చిత్తుగా ఓడిపోయాం. ఇంక ఆ పని నాకు రాసిచ్చేసినట్టే అయింది. పైకి మొహమాటపడేవాణ్ణి గానీ లోపల ఎంత గర్వమో చెప్పలేను.

డెబ్భైల మొదట్లో నా భార్యకి నెల తప్పింది. అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను, ఓ పూటపాటు. ఆ తర్వాత భయం పట్టుకుంది. నాకు పన్నెండేళ్ళప్పుడు మా పెద్దక్క తొలి కాన్పుకి ఇంటికొచ్చి, తిరిగి అత్తవారింటికి వెళ్ళలేదు. ఆ రోజు మూసిన తలుపు ముందు నేను నిలబడే ఉన్నాను. లోపల అక్క అరుస్తున్నంతసేపూ నాకు భయం వెయ్యలేదు. అరుపులు ఆగిపోయాక వేసింది. ఈ సంగతి నా భార్యకి నేనెప్పుడూ చెప్పలేదు. కడుపుతో ఉన్న మనిషికి చెప్పే మాటా అది?

ఏడో నెల నిండాక ఆమెని పుట్టింట్లో దిగబెట్టడానికి వెళ్ళాను. దేవరాపల్లిలో బస్సు దిగి రెండు మైళ్ళు నడిస్తే వాళ్ళ పల్లె. చెరుకూ వరీ పండించే ఇల్లు. ఆ ఇంట్లో మామగారు కూడా ఎదుట నోరెత్తని మనిషి ఒకరుండేవారు, నా భార్య నాయనమ్మ. పల్లెలో సగం పురుళ్ళు ఆవిడ చేతి మీదుగా జరిగినవే. నన్ను అరుగుమీద కూర్చోబెట్టుకుని వేళ్ళు మడిచి చెప్పింది.

"ఇను బాబూ. గెడ్డం గీయించుకోకు. శవాన్ని మొయ్యకు. కొబ్బరికాయ కొట్టకు. పెళ్ళాం కడుపుతో ఉన్నోడు కాయ కొడితే ఆ దెబ్బ ఎక్కడ తగుల్తాదో తెల్సా?"

తెలుసన్నాను. నా మొహం చూసి ఆవిడకే జాలేసినట్టుంది. మజ్జిగ తెప్పించి ఇచ్చింది.

మామూలుగా ఇలాంటివాటికి నేను నవ్వేవాణ్ణి. ఈసారి నవ్వలేదు. గడ్డం పెంచాను. ఆఫీసులో సన్నాసి అన్నారు, హిమాలయాలకి టిక్కెట్టు కొనమంటావా అన్నారు. వీధిలో ఎవరైనా పోతే వెనకవీధిలోంచి వెళ్ళేవాణ్ణి. మైదానంలో కొబ్బరికాయ డ్రిల్లు మేస్టారి చేతికే ఇచ్చి పక్కకి తప్పుకునేవాణ్ణి. సాయంత్రం ఇంటికి వచ్చి ఒక్కణ్ణీ అన్నం వండుకుంటుంటే అక్క గుర్తొచ్చేది. ఆ భయానికి ఒకటే మందు, ఆట. బంతి గాల్లో ఉన్నంతసేపూ నాకింకేమీ గుర్తుండేది కాదు.

ఎండలు ముదిరిన నెలలో మా ఊళ్ళో పోటీలు పెట్టారు. మా జట్టు ఫైనల్‌కి వచ్చింది. అవతల అనకాపల్లివాళ్ళు. మధ్యాహ్నమైతే గాలికి ఊలు బంతి ఎటుపడితే అటు పోతుందని, ఆదివారం ఉదయం ఏడున్నరకే మ్యాచ్ పెట్టారు. ఏడింటికి నేను తలుపు తాళం వేస్తుంటే మామగారి ఊరి మనిషి, సంతకి కూరగాయలు తెచ్చే ఆయన, వీధిలో గంప దించి నిలబడ్డాడు.

"మీ మాంగారు సెప్పమన్నారు బాబూ. అమ్మాయిగారికి తెల్లారగట్లనుంచీ నొప్పులొస్తన్నాయి. మిమ్మల్ని రమ్మన్నారు."

"ఇంకా టైముంది కదా, ఇప్పుడేటి?" అన్నాను.

"నాకేటి తెల్సు బాబూ. రమ్మన్నారు."

వస్తున్నానని చెప్పి పంపేశాను. దేవరాపల్లి బస్సు ఎనిమిదింటికి ఒకటి, మళ్ళీ పదకొండింటికి. బస్టాండు కుడివైపు, మైదానం ఎడమవైపు. తొలి కాన్పు అంత తొందరగా అవదని, నేను వెళ్ళి మాత్రం చేసేదేముందని, పదకొండు బస్సుకి వెళ్ళినా చాలునని నాకు నేనే చెప్పుకుంటూ ఎడమవైపు నడిచాను. వెళ్ళి కోర్టు పక్కన నా చోట్లో నిలబడ్డాను.

మొదటి గేము పోయింది. దారుణంగా పోయింది. మావాళ్ళ బ్యాట్లకి బంతే అందలేదు. విరామంలో డ్రిల్లు మేస్టారు నా దగ్గరికి వచ్చారు. ఆయన వెనక ఇంకో పదిమంది.

"ఒక్క కాయ కొట్టు బాబూ."

"నేను కొట్టకూడదండి. మీకు తెల్సు కదా."

"మీవోళ్ళెవరూ ఇక్కడ లేరు కదా. ఎవుడు సూడొచ్చేడు? ఊరి పరువు పోతంది."

చుట్టూ అందరూ నన్నే చూస్తున్నారు. ఇంక ఒక్క క్షణం ఆలోచిస్తే పరిగెత్తేవాణ్ణేమో. ఆలోచించలేదు. కాయ తీసుకుని గుంజ దగ్గరున్న రాయిమీద ఒక్క దెబ్బ కొట్టాను. రెండు చెక్కలయింది. లోపల నల్లగా కుళ్ళిపోయి ఉంది. వాసన ముక్కుకి తగిలింది. డ్రిల్లు మేస్టారు గబుక్కున చెక్కలు రెండూ కాలితో పక్కకి తోసేసి, "ఏటీ కాదు, ఏటీ కాదు" అన్నారు.

తర్వాతి రెండు గేములూ మేమే గెలిచాం. జనం ఈలలు వేశారు, తువ్వాళ్ళు ఎగరేశారు. ఓడిపోయి ఉంటే నాకు కాస్త ధైర్యంగా ఉండేదేమో. దేవుడు ఇది ఇచ్చి అది తీసుకుంటాడేమోనన్న ఆలోచన బుర్రలో దూరి, ఇంక బయటికి పోలేదు. నన్ను ఎత్తుకోబోయినవాళ్ళని విదిలించుకుని బస్టాండుకి వచ్చి, పదకొండు దాకా ఒక సిమెంటు దిమ్మమీద కూర్చున్నాను. నా కుడిచేతిని చూస్తే నాకే అసహ్యంగా ఉంది.

దేవరాపల్లిలో బస్సు దిగి ఎండలో రెండు మైళ్ళూ సగం నడక, సగం పరుగు. చెరుకు తోటలు దాటాక ఇంటి ముందు జనం గుమిగూడి ఉన్నారేమోనని చూశాను. ఎవరూ లేరు. బతికాననుకున్నాను. పెరటి గదిలోంచి అరుపు వినబడింది. ఆ అరుపు వింటే ప్రాణం లేచి వచ్చింది. అలా అనుకున్నందుకు మళ్ళీ సిగ్గేసింది.

నాయనమ్మ నీళ్ళ కోసం బయటికి వచ్చింది. ఆవిడ మొహంలో ఎప్పుడూ ఉండే దర్జా లేదు. "బిడ్డ అడ్డం తిరిగినట్టుంది బాబూ. డాక్టరమ్మ కోసం బండి కట్టుకుని మీ మావ ఎళ్ళేడు" అంది. అక్కడే గోడకి చేరబడి, కొబ్బరికాయ కొట్టానని చెప్పేశాను. కుళ్ళిందని కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను, కొడుతుందని కూడా అనుకున్నాను. ఆవిడ చెంబు రెండో చేతిలోకి మార్చుకుంది.

"కొట్టేసేవు కదా. ఇంక ఆ మాట ఎవుళ్తోనీ అనకు. కబురు ఎప్పుడందింది నీకు?"

"అందగానే బయల్దేరేను."

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. కాయ సంగతి అంత తేలిగ్గా చెప్పినవాణ్ణి, ఈ అబద్ధం ఎందుకాడానో అప్పుడు ఆలోచించలేదు. ఆలోచించే స్థితిలో లేను.

మామగారి బండి వచ్చింది. డాక్టరమ్మ చేతిలో పెట్టెతో గబగబా లోపలికి వెళ్ళింది. తలుపు మూశారు. నేను ఆ తలుపు ముందు నిలబడ్డాను, పన్నెండేళ్ళవాణ్ణి నిలబడ్డట్టే. అరుపులు ఒకటి మీద ఒకటి వచ్చాయి. తర్వాత ఆగిపోయాయి.

ఎంతసేపు ఆగాయో నాకు తెలీదు. మామగారు తల పట్టుకుని అరుగుమీద కూర్చున్నారు. నేను దేవుడికి దండం పెట్టుకోవాలనుకుని, ఏ దేవుడి పేరూ గుర్తురాక ఊరుకున్నాను. అప్పుడు లోపల చిన్న ఏడుపు, పిల్లికూన ఏడ్చినట్టు. మళ్ళీ ఏడుపు, ఈసారి గట్టిగా. నేను తలుపుకి నుదురు ఆనించి నిలబడి, "మా ఆవిడో? మా ఆవిడో?" అని అడుగుతూనే ఉన్నాను. "ఇద్దరూ బాగున్నారు. ఆడపిల్ల" అంది డాక్టరమ్మ.

సాయంత్రం నాయనమ్మ తలుపు తెరిచి, గడప అవతల నిలబడి చూడమంది. పురుటి గదిలోకి మగవాళ్ళు వెళ్ళకూడదు, మైల. చేటలో పాత చీర పరిచి పిల్లని పడుకోబెట్టారు. ఎర్రగా, పిడికెడంత ఉంది. పక్కన నులకమంచం మీద నా భార్య. పెదాలు పాలిపోయాయి. కొరుక్కున్నచోట నెత్తురు చారిక. పిల్లని చూశారా అని అడుగుతుందనుకున్నాను.

"కబురెన్నింటికి అందింది?" అంది.

నాయనమ్మ నా వంక చూసింది. ఆవిడకి చెప్పిన అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆ పెదాలు చూశాక రాలేదు.

"ఏడింటికి."

"ఎనిమిది బస్సుంది కదా."

"ఉంది."

"ఆటుందా?"

"ఉంది."

భయపడే ఆటకి వెళ్ళానని, అక్క పోయిన రోజునుంచీ మూసిన తలుపంటే నాకు భయమని, ఎవరికీ చెప్పని మాటలన్నీ చెబుదామనుకున్నాను. ఆమె నా మాట కోసం ఆగలేదు.

"పొద్దున్నుంచీ గుమ్మంకేసే సూస్తన్నాను" అంది. "మిమ్మల్ని సూడకుండానే ఎలిపోతాననుకున్నాను."

అని గోడవైపు తిరిగిపోయింది. నేను గడప దాటాను. "బాబూ, మైల, మైల!" అని నాయనమ్మ అరిచింది. వినలేదు. మంచం పక్కన నేలమీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె చెయ్యి లాక్కోలేదు, నా వైపు తిరగనూ లేదు. దీపం పెట్టాక కూడా నేను అక్కడే ఉన్నాను.