రాని పన్ను

నా చిన్నప్పుడు, డెబ్బైల నాటి చిక్కపేటలో, ఊడిన పాలపన్నును పేడముద్దలో పెట్టి మిద్దె మీదికి విసరడం మా ఇంటి ఆనవాయితీ. అలా చేయకపోతే కొత్త పన్ను రాదని మా అవ్వ నమ్మకం. నా పై ముందుపన్ను ఊడినప్పుడు దాన్ని వదులుకోబుద్ధి కాలేదు. ముద్దలో పన్నుకు బదులు గులకరాయి దూర్చి అమ్మ చేతికిచ్చాను. పాపం, అమ్మ తెలియక దాన్నే విసిరింది.

ఏడాది దాటినా ఆ సందు నిండలేదు. బడిలో పిల్లలు బోసినోటి ముసలమ్మా అని ఏడిపించేవాళ్లు. దాన్నైనా ఓర్చుకున్నాను కానీ, ఇంట్లో మాటలు ఓర్చుకోలేకపోయాను. "మీయమ్మ సరిగా ఇసిరుంటే ఇట్లయ్యేదా?" అని అవ్వ రోజూ దెప్పేది, ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పేది. అమ్మ తల వంచుకుని సంగటి కెలికేది. నిజం నా గొంతుదాకా వచ్చేది, అవ్వ ముఖం చూడగానే లోపలికి పోయేది.

పక్కింటి అక్క దంతాల ఆసుపత్రిలో నర్సు. ఆమే ఒకరోజు మా ముగ్గురినీ అక్కడికి తీసుకెళ్లింది. పన్ను బయటికి వచ్చేలా చిగురు కోసేయమని అవ్వ పట్టుబట్టింది. డాక్టరు వేలితో తడిమి చూసి, ముందు ఎక్స్‌రే తీయాలన్నాడు.

"భయపడొద్దు పాపా, లోపల దాగుండేదంతా దాంట్లో కనబడతాది" అంది అక్క. నా అబద్ధం కూడా బయటపడుతుందనుకున్నాను. నల్లకాగితం చుట్టిన చిన్న ఫిలిం అంగిట్లో గుచ్చుకుంటుంటే, చెప్పినట్టే బొటనవేలితో అదిమి పట్టుకుని, తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

కాసేపటికి అక్క తడి ఫిలింను కిటికీ వెలుగుకు పట్టి చూపింది. "చూడవ్వా, పన్ను లోపలే ఉండాది. ఎముకలో ఇంకో చిన్న పన్ను దానికి అడ్డం పడుండాది. కొందరికి పుట్టుకతోనే ఇట్లుంటాది. ఎవురి తప్పూ లేదు."

అవ్వ "అట్లనా" అని ఊరుకుంది. అమ్మ మాత్రం ఆ ఫిలిం వంక చాలాసేపు చూసి, కొంగుతో కళ్లొత్తుకుంది. ఏడాదిగా ఆమె కూడా తప్పు తనదేననుకుంటోందని నాకప్పుడే తెలిసింది.

అడ్డుపన్ను తీశాక, కొన్ని నెలలకు నా పన్ను వచ్చింది. ఎవరినైనా తప్పుపట్టే ముందు లోపల ఏముందో చూడాలన్న బుద్ధి ఆ అక్క వల్లే వచ్చింది. ఇంట్లో పిల్లలకూ అదే చెబుతుంటాను. కానీ ఆ ఎక్స్‌రే తేల్చింది పన్ను సంగతే. నా వల్లే అనుకుంటూ కూడా, ఏడాదిపాటు అమ్మను తిట్లు తిననిచ్చాను. ఆ మాట ఆమెతో చెప్పడానికి నాకు నలభై ఏళ్లు దొరికాయి. చెప్పలేదు.