అభ్యంతరం చెప్పినవాళ్లే సాక్షులు

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజుల్లో, ఒక వేసవిలో, నన్ను ఎల్‌బీ నగర్ వైపు రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. చేరిన వారంలోనే తహసీల్దారు గారు ఒక ఫైలు ఇచ్చారు. నాగోల్ దగ్గర ప్రభుత్వ స్థలంలో ఇరవై రెండు గుడిసెలున్నాయి. ఎక్కువమంది దళితులు, కొందరు పాలమూరు నుంచి వలస వచ్చిన కూలీలు. వాళ్లకు ఇళ్ల పట్టాలివ్వాలని ప్రతిపాదన. ఇచ్చే ముందు అభ్యంతరాలు వినాలి. ఎన్నేళ్లుగా అక్కడ ఉంటున్నారో సాక్ష్యంతో తేల్చాలి.

వచ్చిన అభ్యంతరం ఒక్కటే, కింద చాలా సంతకాలు. మొదటిది సుభద్ర గారిది. గుడివాడ నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ లెక్చరర్, అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షురాలు. రెండోది బుచ్చిరెడ్డిది. పాత ఊరి భూస్వామి, ఉద్యమ సభలకు టెంట్లు వేయించే మనిషి. రాష్ట్రం సంగతి వస్తే ఒకరి ముఖం ఒకరు చూడని ఇద్దరూ గుడిసెల దగ్గర ఒక్కటయ్యారు.

ముందు సుభద్ర గారింటికి వెళ్లాను. "మేమంతా చెమటోడ్చి కొనుక్కున్నామండీ. వాళ్లకి ఊరికే ఎందుకివ్వాలి?" అన్నారు. పెరట్లో ఒకామె గిన్నెలు తోముతోంది. ఆమె ఎక్కడుంటుందని అడిగాను.

"ఆ గుడిసెల్లోనే. కానీ మా ఎల్లమ్మ అలాంటిది కాదండీ. తొమ్మిదేళ్లుగా ఒక్కరోజు నాగా పెట్టలేదు. దానికి ఇవ్వాల్సిందే."

ఎల్లమ్మ తొమ్మిదేళ్లుగా ఆ గుడిసెలోనే ఉంటోందని రాయించి సంతకం తీసుకున్నాను.

బుచ్చిరెడ్డి దగ్గరా, ఆయన పనిమనిషి ఎక్కడుంటాడని అదే ప్రశ్న వేశాను. "మా సాయిలు ఏండ్లసంది ఆ గుడిసెలనే ఉంటుండు, కని వాని సంగతి ఏరే మేడం. వాని అయ్య గూడ మా తాన్నే చేసిండు. వానికియ్యుండ్రి, మిగిలినోళ్లకొద్దు" అన్నాడు. అతనూ సంతకం పెట్టాడు.

తక్కినవాళ్లనూ ఒక్కొక్కరినే కలిశాను. అందరూ పట్టాలొద్దన్నారు, అందరూ తమ ఇంట్లో పనిచేసే మనిషికి మాత్రం మినహాయింపు అడిగారు. ఆ వాంగ్మూలాలన్నీ కలిపితే పందొమ్మిది గుడిసెలకు నివాస సాక్ష్యం దొరికింది.

మూడు మిగిలాయి. రాళ్లు కొట్టే పాలమూరు కుటుంబాలు. వాళ్లు ఎవరింట్లోనూ పనిచేయరు కాబట్టి వాళ్ల గురించి చెప్పేవాళ్లు లేరు. ఆ మూడూ వదిలేసి ఫైలు పంపమన్నారు తహసీల్దారు గారు. నేను రెండు రోజులు గడువడిగి మళ్లీ అక్కడికి వెళ్లాను.

బాలమ్మ అనే ఆమె సూటిగా అడిగింది: "పెద్దోళ్లిండ్లల్ల పనిజేస్తలేమని మేము ఈడ ఉంటలేమా మేడం?"

పక్కనే ఉన్న అంగన్‌వాడీకి వెళ్లి పాత రిజిస్టర్లు తీయించాను. ఆరేళ్లుగా ఆ మూడిళ్ల పిల్లల పేర్లు, బరువులు అందులో ఉన్నాయి. నకళ్లు జతచేసి ఫైలు పంపాను. ఇరవై రెండు పట్టాలూ మంజూరయ్యాయి.

సుభద్ర గారు ఆఫీసుకొచ్చి, "నేను ఎల్లమ్మ ఒక్కదానికే కదండీ ఇమ్మన్నది!" అన్నారు. ప్రతివాళ్లూ ఒక్కరికే ఇమ్మన్నారని, అవన్నీ కలిస్తేనే పందొమ్మిదయ్యాయని ఆమెకు వివరించాను.

తెలిసిన మనిషికి ఇవ్వడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. తెలియనివాళ్ల వంతు వచ్చేసరికి కులం, వర్గం అడ్డం పడతాయి. అందుకే ఆ తర్వాత ఏ విచారణలోనైనా ముందు రిజిస్టర్లు చూశాను, ఆ తర్వాతే మనుషుల మాట విన్నాను.