జావా సార్ గొంతు

2003 జూన్‌లో పంజగుట్టలోని మా సంస్థ నన్ను ఒక ఉమ్మడి పరిశోధనకు డెప్యుటేషన్ మీద పంపింది. అప్పటికి నేను వాక్ శ్రవణ విభాగంలో సీనియర్ స్పీచ్ పాథాలజిస్టుని. ఆ హోదా ఏమిటో చాలామందికి తెలియదు కాబట్టి చెబుతాను. గొంతులో ఏముందో చూసి తేల్చేది, అవసరమైతే కత్తి పట్టేది ఈఎన్‌టీ సర్జన్. ఆ కత్తి అవసరం రాకుండా మనిషికి మాట్లాడే పద్ధతి నేర్పేది మేము. ఆస్పత్రి లెక్కలో సర్జన్ ఎక్కడో పైన, మేము బాగా కింద. నా పని మీద నాకు గర్వం ఎప్పుడూ కాస్త ఎక్కువే. ఆ ఏడాది తర్వాత ఇంకొంచెం పెరిగింది, దాచుకోను.

అమీర్‌పేట కంప్యూటర్ కోచింగ్ సెంటర్లలో పాఠాలు చెప్పేవాళ్ల గొంతులు ఎందుకు పాడవుతున్నాయన్నది పరిశోధనాంశం. నలుగురం పరిశోధకులం. మాకు పెద్ద సోమయాజులు గారే, భౌతికశాస్త్ర ఆచార్యులు. డాక్టర్ రఘురాం, భవనాల్లో ధ్వని సంగతి చూసే ఇంజనీరు. డాక్టర్ ఫాతిమా, సామాజిక శాస్త్రవేత్త. ఆరోగ్యం తరఫున నేను. పేర్ల ముందు డాక్టరో ఆచార్యో లేనిది నాకొక్కదానికే. మొదటి సమావేశంలో చప్పుడంటే ఏమిటని సోమయాజులు గారు అడిగితే, ఆయన లెక్కలో అది డెసిబెల్, రఘురాం లెక్కలో పల్చటి గోడ, ఫాతిమా లెక్కలో బతుకుతెరువు, నా లెక్కలో స్వరతంత్రుల వాపు అని తేలింది. ఎవరి మాటా ఎవరికీ ఎక్కలేదు. టీ మాత్రం అందరికీ నచ్చింది.

మేము ఎంచుకున్న కోచింగ్ సెంటర్ ఒక కాంప్లెక్స్ మూడో అంతస్తులో ఉండేది. పెద్ద హాలుని ప్లైవుడ్ చెక్కలతో క్లాసులుగా విడగొట్టారు. ఇటు జావా, అటు టెస్టింగ్, ఆ పక్క నెట్‌వర్కింగ్. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల నుంచి వచ్చే పిల్లలకు, ఉద్యోగం చేస్తూ నేర్చుకునేవాళ్లకు పొద్దున్నే తీరిక కనుక అన్ని క్లాసులూ ఒకే వేళకు మొదలయ్యేవి. చెక్కకి అటు ఒకరు గొంతు పెంచితే ఇటు ఇంకొకరు పెంచేవారు. ఇది వాళ్ల పంతం కాదు, చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి గొంతు తనంతట తానే పెరుగుతుంది. దీన్ని మా వృత్తిలో లంబార్డ్ ప్రభావం అంటారు. పెళ్లి భోజనాల దగ్గర పక్కవాడితో కూడా అరిచి మాట్లాడతామే, అదే.

దీనికి తోడు డెమో అనే ఆచారం. కొత్త బ్యాచ్ మొదలయ్యేముందు ఒక క్లాసు ఉచితంగా చెబుతారు. తలుపులు బార్లా తీసిపెట్టి, మెట్ల మీద పోయే పిల్లలకు కూడా వినబడేలా చెప్పాలి. ఏ సార్ గొంతు వరండాలో ఖంగుమంటే ఆయన బ్యాచ్ నిండుతుంది.

జావా చెప్పే శ్రీశైలం సార్ (పేరు మార్చాను) ఆ అంతస్తుకే పెద్ద పేరు. భువనగిరి దగ్గర వ్యవసాయ కుటుంబం. డిగ్రీ చదువుతూ సొంతంగా కంప్యూటర్ నేర్చుకుని, పిల్లలకు చెబుతూ చెబుతూ పేరు తెచ్చుకున్నాడు. జూలైలో మా దగ్గరికి పరీక్షకు వచ్చేనాటికి మాట మధ్యలో తెగిపోతోంది. సర్జన్ ఎండోస్కోపుతో చూసి, రెండు స్వరతంత్రుల మీదా నాడ్యూల్స్ ఉన్నాయన్నారు. పలుగు పట్టి తవ్వేవాడి అరచేతిలో కాయలు కాసినట్టు, ఒరుసుకుని ఒరుసుకుని స్వరతంత్రులు కాయలు కాస్తాయి. ముందు థెరపీ, దీపావళి నాటికి తగ్గకపోతే ఆపరేషన్ అని రాశారు. ఆపరేషన్ చేస్తే గొంతు మునుపటిలాగే వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

అతను కుర్చీ అంచున కూర్చుని అడిగాడు, "మేడం, నాకు గీ గొంతు తప్ప ఇంకేం లేదు. దసరా అయినంక కొత్త బ్యాచ్ డెమో ఉన్నది. గా డెమోల గొంతు పోతే సీదా బయటికే. జర ఎట్లనన్న జేసి నిలబెట్టుండ్రి."

సెంటర్ యజమాని తెనాలి ఆయన. చెడ్డవాడు కాదు, కానీ వ్యాపారం వ్యాపారమే. నేను వెళ్లి మాట్లాడితే, "శ్రీశైలం మీద నాకు ప్రేమ లేకేంటండీ? కానీ డెమోలో గొంతు బొంగురుపోతే పిల్లలు పక్క కాంప్లెక్సుకి పోతారు మేడం గారూ. ఇంకో సార్‌ని మాట్లాడి ఉంచుకున్నాను," అని దాపరికం లేకుండా చెప్పారు. దసరా దాకా శ్రీశైలానికి క్లాసులు సగానికి తగ్గించడానికి మాత్రం ఒప్పుకున్నారు. ఆపాటి దయకే నేను రెండుసార్లు దండం పెట్టాను.

ఫాతిమా ఇంటర్వ్యూలు మొదలుపెట్టాక మాకు తెలియనివి చాలా బయటపడ్డాయి. గొంతు నొప్పి ఉందని ఏ సారూ పైకి చెప్పడు, చెబితే బ్యాచ్ పోతుందని భయం. మిరియాల పాలు తాగుతారు, పటికబెల్లం చప్పరిస్తారు, ఇంటికెళ్లి గొంతుకు విశ్రాంతి పేరుతో గుసగుసగా మాట్లాడతారు. గట్టి గుసగుస గొంతుకు విశ్రాంతి కాదు, శ్రమే. ఆ ఒక్క ముక్క విన్నాక నా థెరపీ పద్ధతే మార్చుకున్నాను. సామాజిక శాస్త్రం ఎందుకు పనికొస్తుందని రఘురాం అప్పుడప్పుడూ వేళాకోళం ఆడేవాడు. ఇందుకు పనికొస్తుంది.

ఆగస్టులో రఘురాం వంతు వచ్చింది. జావా క్లాసులో నాలుగు గోడలకీ పైకప్పుకీ గుడ్డ చుట్టిన గ్లాస్‌వూల్ పలకలు బిగించాడు. అవి శబ్దాన్ని పీల్చుకుంటాయి. సోమయాజులు గారు మీటరు పెట్టి కొలిచారు. పక్క క్లాసు గోల బాగా తగ్గింది, ప్రతిధ్వని పూర్తిగా పోయింది. గదిలో అడుగుపెడితే చెవులకు హాయిగా ఉంది. రఘురాం ముఖం వెలిగిపోయింది. అందరం ఫొటో దిగాం.

నా దగ్గర ఇంకో కొలత ఉంది. ప్రతి వారం శ్రీశైలం చేత 'ఆ' అని ఒక్క ఊపిరితో పలికించి, ఒక పేరా చదివించి రికార్డు చేసేదాన్ని. ఆగస్టు మొదట్లో కాస్త కోలుకుంటున్న గొంతు, పలకలు బిగించిన తర్వాత మళ్లీ దిగజారడం మొదలెట్టింది. ఊపిరి ముందే అయిపోతోంది, మాటలో గరుకు ఎక్కువైంది. సర్జన్ మళ్లీ చూసి వాపు పెరిగిందన్నారు.

సమావేశంలో ఈ సంగతి చెబితే రఘురాం, "గది బాగుపడిందండీ, మీటరు చెబుతోంది. మీ పేషెంటు ఎక్సర్‌సైజులు చేయట్లేదేమో, వసుంధర గారూ, అది చూసుకోండి," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నేను శ్రీశైలాన్ని నిలదీసి అడిగి వచ్చినదాన్నే. "అమ్మతోడు మేడం, పొద్దుగాల లేస్తనే చేస్తున్న, రాత్రి సుత చేస్తున్న," అన్నాడతను. అబద్ధమాడే గొంతు ఎలా ఉంటుందో నా వృత్తిలో ఉన్నవాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

మధ్యంతర నివేదిక మీద నలుగురి సంతకాలూ ఉండాలి. 'గది చికిత్స', అంటే ఆ పలకలు బిగించడం, విజయవంతమైందని రాసుకొచ్చిన కాగితం మీద నేను సంతకం పెట్టనన్నాను. నా హోదాలో ఉన్న మనిషి అలా అనడం అక్కడ రివాజు కాదు. సోమయాజులు గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, కారణం తెచ్చి చూపించమ్మా, అప్పటిదాకా నివేదిక ఆపుతానన్నారు. పెద్దమనిషి తరహా అది, ఇప్పటికీ తలుచుకుంటాను.

ఆ వారం రోజూ జావా క్లాసులో చివరి బెంచీ మీద కూర్చున్నాను. పిల్లలు నన్ను ఎవరి అమ్మో అనుకున్నారు. నేను తెరను, బోర్డును చూడలేదు, శ్రీశైలం మెడనే చూశాను. గది నిశ్శబ్దంగానే ఉంది, అయినా అతని మెడ నరాలు పొంగుతున్నాయి, గడ్డం పైకి లేస్తోంది. ఇంకోటి కనిపెట్టాను. మాట్లాడుతూ మాట్లాడుతూ అరచేతిని చెవి వెనక దొప్పలా పెట్టుకుంటున్నాడు, పాటగాళ్లు పెట్టుకున్నట్టు. పిల్లలేమైనా అడుగుతున్నారా అంటే, లేదు. తన గొంతు కోసమే వెతుక్కుంటున్నాడు.

క్లాసయ్యాక అడిగితే చెప్పాడు. "పత్తి గోదాంల నిలవడి చెప్పినట్టుంటది మేడం. మాట పోతది, వాపస్ వస్తలేదు. వెనుకోళ్లకు వినబడుతలేదేమోనని ఇంకింత గట్టిగ చెప్తున్న."

అందరూ వెళ్లిపోయాక నేను బోర్డు దగ్గర నిలబడి, మామూలుగా క్లినిక్‌లో మాట్లాడినట్టు నాలుగు వాక్యాలు మాట్లాడాను. నా నోటి ముందే మాట చచ్చిపోయింది. తెలియకుండానే గొంతు పెంచేశాను. అప్పుడు అర్థమైంది. మాట్లాడే మనిషికి గోడల నుంచి తన గొంతు కాస్తయినా తిరిగి చెవిన పడాలి. అది అందితేనే చాలినంతగా మాట్లాడుతున్నానన్న ధీమా కలుగుతుంది. పక్క క్లాసు గోలతో పాటు ఆ కాస్త ఆసరాని కూడా మా పలకలు మింగేశాయి. మేము మీటరుని బెంచీల దగ్గర పెట్టి, వినేవాళ్ల కోసం కొలిచాం. చెప్పేవాడు నిలబడే చోట ఎవరూ నిలబడి మాట్లాడి చూడలేదు.

ఆ ఆదివారం సోమయాజులు గారు మూడంతస్తులు ఎక్కి స్వయంగా వచ్చారు. బోర్డు దగ్గర నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టారు, ఒక శ్లోకం సగం చదివారు, ఆగి నవ్వారు. రఘురాం కూడా అక్కడే నిలబడి మాట్లాడి చూశాడు. మంచి ఇంజనీరు, వాదన పెంచలేదు. స్క్రూడ్రైవర్ తెప్పించి, బోర్డు గోడ మీదివి, శ్రీశైలం నిలబడే చోట పైకప్పుకి ఉన్నవి, తన చేత్తోనే ఊడదీశాడు. పక్క క్లాసు వైపు చెక్కకీ, వెనక గోడకీ ఉన్నవి ఉంచాడు. బోర్డు వెనక నున్నటి ప్లైవుడ్ పలక ఒకటి అదనంగా బిగించాడు.

మిగిలింది తలుపు. డెమో రోజు మూసి ఉంచాలని అడిగితే యజమాని గుండె పట్టుకున్నారు. "తలుపు మూస్తే లోపల జనం లేరనుకుంటారండీ!" ఫాతిమా తన ఇంటర్వ్యూలు గుర్తు చేసింది. పిల్లలు మెట్ల మీద ఆగేది వినబడేదాని కోసమే కాదు, లోపల ఎంతమంది ఉన్నారో తొంగి చూడ్డానికి కూడా. తలుపుకి పెద్ద అద్దం పెట్టించండి అంది. యజమాని ఆ మాటకు వెంటనే మెత్తబడ్డారు.

సెప్టెంబరు మధ్య నుంచి నా రికార్డింగులలో గొంతు నెమ్మదిగా పైకి లేచింది. దసరా వెళ్లాక డెమో వచ్చింది. గది కిక్కిరిసింది, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లూ ఉన్నారు. యజమాని మాట్లాడి ఉంచుకున్న ఆ రెండో సార్ కూడా వచ్చి వరండాలో కాచుకున్నాడు, అద్దంలోంచి కనబడుతున్నాడు. నేను చివరి బెంచీలో నా చోటులో కూర్చున్నాను. శ్రీశైలం మొదలుపెట్టాక మళ్లీ అతని మెడనే చూశాను. గడ్డం దించే ఉంది. చెయ్యి చెవి దగ్గరికి పోలేదు. పక్క క్లాసులో ఎవరో గట్టిగా అందుకున్నా ఇతను పెంచలేదు. చివరి ప్రశ్న దాకా మాట ఎక్కడా తెగలేదు. ముగించాక నా వైపు చూసి, ఇంట్లో మాట్లాడినంత నెమ్మదిగా, "ఆఖరి బెంచీ దాకా వినొచ్చిందా?" అని అడిగాడు. ముందుగా చెయ్యెత్తింది నేనే.

బ్యాచ్ నిండింది. దీపావళికి సర్జన్ ఎండోస్కోపుతో చూసి, కాయలు దాదాపు కరిగాయని రాసి, ఆపరేషన్ మాటని ఒక్క గీతతో కొట్టేశారు. నివేదికలో గది చికిత్స అధ్యాయాన్ని రఘురాం తిరగరాసి, రచయితల వరుసలో నా పేరు మొదట పెట్టి పంపాడు. పేర్ల ముందు డాక్టర్లు, ఆచార్యులు ఉన్న ఆ పేజీలో ఉత్త వసుంధర మొదట ఉంది. దాన్ని ఫొటోకాపీ తీయించి దాచుకున్నాను.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా నా కింద చేరిన ప్రతి కొత్త ఉద్యోగికీ మొదటి పాఠంగా ఇదే చెప్పాను. నాలుగు శాస్త్రాలవాళ్లు ఒక గదిలో చేరితే నాలుగు కొలతలుంటాయి, అన్నీ సరైనవే కావచ్చు. ఏది ముందన్న తగాదా వస్తే, ముందు బోర్డు దగ్గరికి వెళ్లి నిలబడి మాట్లాడి చూడండి. ఆ గదిలో రోజూ మాట్లాడే మనిషి గొంతు చెడుతోందంటే, మీటరు ఏం చెప్పినా గది ఇంకా బాగుపడలేదని రాయండి.