ఎడమ చెవిది

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మొదలుపెట్టాక మధ్యలో ఆపను. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు... నాకు జరిగింది. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివినవాణ్ణి. మీటరు ముల్లు కదిలితేనే కరెంటు ఉందని ఒప్పుకుంటాను. అయినా చెబుతున్నాను.

అప్పట్లో నా దగ్గర ఒక ఎంపీత్రీ ప్లేయర్ ఉండేది. అగ్గిపెట్టె కన్నా కాస్త పొడుగు. దాని మంచి ముందు చెబుతాను. ఒక్క సన్న బ్యాటరీతో పది గంటలు పాడేది. బస్సు గోతిలో పడినా పాట తెగదు. దానికున్న చిన్న కన్నం ముందు మాట్లాడితే గొంతు రికార్డు చేసుకునేది. ఇక చెడ్డ. అరవై పాటలకే నిండిపోయేది. ఆపి మళ్ళీ పెడితే మొదటి పాటకే పోయేది. ఇయర్‌ఫోన్స్‌లో ఎడమది నాలుగు నెలలుగా చచ్చిపోయి ఉంది. ఈ చివరిది గుర్తుపెట్టుకోండి.

మా మావయ్యది అనకాపల్లి పక్క పల్లె. బెల్లం వండేవాడు. ఒకసారి వెళ్ళినప్పుడు రికార్డు బటన్ నొక్కి ఆయన నోటి దగ్గర పెట్టాను.

"ఏటి మాటాడమంతావురా దీంతో?"

"ఏదో ఒకటి మాటాడు మావా."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అయితే ఇను. మీ అత్తకి సెప్పకొరే... సాల సూరులో రెండు సుట్టలు దాసేను."

డాక్టరు చుట్ట మానమన్నాడు. కనబడితే అత్త పొయ్యిలో పడేసేది. పశువుల సాల చూరు మాత్రం ఆవిడకి తట్టలేదు. ఆ రికార్డింగు పదకొండు సెకన్లు.

నెల తర్వాత నెట్ సెంటర్‌లో కొత్త పాటలు ఎక్కిస్తుంటే చోటు చాలలేదు. ఆ ఫైలు తీసేశాను. మావయ్య ఎక్కడికి పోతాడు, మళ్ళీ మాట్లాడిస్తే సరి అనుకున్నాను.

ఆ ఏడాది బెల్లం వంటలు ముగియకముందే ఆయన గుండె ఆగిపోయింది.

మూడో రోజున అత్త నా పక్కన కూర్చుంది. "నీ పాటల మిషన్లో మాటాడేనని సెప్పేడు మీ మావ. ఏటి మాటాడేడో సెప్పలేదు. ఓపాలి ఇనిపించు బాబూ."

"బ్యాటరీ అయిపోయింది అత్తా" అన్నాను.

రోజూ అడిగింది. రోజూ అదే చెప్పాను. పదో రోజు రాత్రి చుట్టాలందరూ పడుకున్నాక వచ్చి నా అరచేతిలో ఏదో పెట్టింది. చల్లగా... సన్నగా...

"కొట్టుకెల్లి నేనే తెచ్చేను. ఇదేనా?"

అదే. సరిగ్గా అదే సైజు.

నిజం చెప్పే ధైర్యం లేకపోయింది. ఒక ఉపాయం తోచింది. చచ్చిపోయిన ఎడమది ఆవిడ చెవిలో పెట్టాను. వినబడలేదంటే వైరు తెగిందని చెప్పొచ్చు. కుడిది నేను పెట్టుకున్నాను. వాయిస్ ఫోల్డర్ తెరిచాను. 'నో ఫైల్' అని వచ్చింది. ఊరికే ప్లే నొక్కాను.

నా చెవిలో ఏమీ లేదు. 'సుయ్' మనే శబ్దం కూడా లేదు. సాలలో ఆవు మెడ గంట ఒకసారి కదిలింది... ఆగింది. మావయ్య పోయిన చోట పెట్టిన దీపం అలాగే వెలుగుతోంది.

"అత్తా, వైరు..." అనబోయాను.

ఆవిడ చెయ్యెత్తింది. ఉండు అన్నట్టు.

తల కాస్త వంచింది.

"ఊఁ..." అంది.

కాసేపాగి... మళ్ళీ "ఊఁ..."

భోజనం దగ్గర మావయ్య మాట్లాడుతుంటే అచ్చం ఇలాగే ఊ కొట్టేది. తెర మీద అంకెలు చూశాను. సున్నా దగ్గరే ఉన్నాయి. కదలడం లేదు.

అత్త నవ్వింది. పది రోజుల్లో మొదటిసారి. ఇయర్‌ఫోన్ తీసి నా ఒళ్ళో పెట్టి, లేచి నేరుగా సాలలోకి వెళ్ళింది. లైటు వెయ్యలేదు. వెతకలేదు. చూరులో ఆకు గరగరమన్న చప్పుడు మాత్రం వినిపించింది. వచ్చి గుప్పిట విప్పింది.

రెండు చుట్టలు.

"మీ అత్తకి సెప్పకొరే అంతన్నాడు సూడు, ముసిలోడు!" అంది. తర్వాత నా తల నిమిరింది. "సెప్పలేదులే నువ్వు. మాట నిలబెట్టేవు."

తల దించుకుని ఒళ్ళో ఉన్న వైరు చుట్టాను.

లోపలికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "నీ గురించి కూడా ఓ మాటన్నాడురా."

"నా గురించా? ఏటన్నాడు అత్తా?"

"సెప్పకన్నాడు."

మర్నాడు మీటరు పెట్టి చూశాను. ఎడమ వైరు తెగే ఉంది. ముల్లు కదల్లేదు. కాగితం మీద కారణాలు రాసుకున్నాను. చుట్టల సంగతి ఆవిడకి ముందే తెలిసుండొచ్చు. ముప్పై ఏళ్ళ కాపురం, ఆయన ఏమంటాడో ఊహించుండొచ్చు. నేను చెరిపేశానని కనిపెట్టి, నా కోసమే విన్నట్టు నటించి ఉండొచ్చు. మూడూ కుదురుతాయి. కానీ 'సెప్పకొరే' అన్నప్పుడు మావయ్య 'రే'ని కొంచెం సాగదీశాడు. అత్త కూడా అంతే సాగదీసింది.

ఆ రికార్డింగులో నా గురించి ఒక్క మాట కూడా లేదు. పదకొండు సెకన్లూ నాకు కంఠతా వచ్చు.

ఫైలు నేనే చెరిపేశానని అత్తకి ఇప్పటికీ చెప్పలేదు. ఆ ప్లేయర్ ఇంకా నా దగ్గరే ఉంది. కుడిది ఎన్నిసార్లో పెట్టుకుని విన్నాను. ఎడమది మాత్రం... చెవి దాకా తెచ్చి దించేస్తాను.