తాడు వదలను

గంట తాడు వదిలెయ్యమని మా తెలుగువాళ్ళు నాకు మర్యాదగానే చెప్పారు. నేనూ మర్యాదగానే వదలనన్నాను.

ఈ పరాయి దేశంలో మేముండే ఓడరేవు ఊరికి నడినెత్తిన, కొండ మీద, ఎర్ర ఇటుకల గోథిక్ కెథీడ్రల్ చర్చి ఉంది. మొనదేలిన కిటికీలు, ఉప్పుగాలికి అంచులరిగిన ఇటుకలు. ఊళ్ళో ఎవరికి దారి చెప్పాలన్నా దాన్నే చూపిస్తారు. పెళ్ళయినా, పెద్దలెవరైనా పోయినా, యుద్ధంలో చనిపోయినవాళ్ళను తలుచుకునే రోజైనా ఆ గంటలే మోగుతాయి. ఆసుపత్రిలో డ్యూటీ దిగి వస్తూ ఏళ్ళ తరబడి విన్నాను. ఒకరోజు ఉండబట్టలేక ఆ గంటల గోపురమెక్కాను. అక్కడ మనిషికో గంట, గంటకో తాడు, వరస తప్పకుండా ఒకరి తర్వాత ఒకరు లాగాలి. గంటలు మోగించేవాళ్ళు నా దేవుడెవరని అడగలేదు, నీ వంతు వచ్చేదాకా ఆగగలవా అని మాత్రం అడిగారు. గుళ్ళో అడుగు పెట్టగానే గంట కొట్టేసే అలవాటు కదా మనకి! ఆ ఆగడం నేర్చుకునేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి.

సంగతి ఒక ఆదివారం పార్కులో అందరం కలిసి చేసుకున్న బార్బెక్యూ విందులో బయటపడింది. మా తెలుగు సంఘానికి పెద్దదిక్కయిన ఆంటీ పేపర్ ప్లేటు పక్కన పెట్టారు.

"ఏమ్మా, మతం మారావంటగా? ఎవ్రీ సండే చర్చిలో గంటలు కొడుతున్నావట!"

"కొడుతున్నానాంటీ. మతం మాత్రం మారలేదు."

"ఎవరు నమ్ముతారమ్మా? పీపుల్ విల్ టాక్. అదన్నా మానెయ్, లేకపోతే వినాయక చవితి హారతి ఇంకెవరైనా ఇస్తార్లే."

మా ఊళ్ళో చవితి మొదలుపెట్టిన నాటినుంచీ ఆ హారతి నాదే. ఒళ్ళు మండిపోయింది. "ఇవ్వనివ్వండి" అన్నాను. ఇంటికొచ్చి ఏడ్చాను, అది వేరే సంగతి.

సెలవుల గొడవ లేకుండా చవితి పూజను ఆదివారానికి జరిపి, కొండ కిందే ఉన్న హాల్లో పెట్టుకున్నారు. ఆ పొద్దున నేను పైన నా తాడు పట్టుకుని ఉన్నాను. గంటలు ఆగాక, ప్రసాదానికి నన్నెవరాపుతారో చూద్దామని చీరైనా కట్టుకోకుండా అదే ప్యాంటుతో తిన్నగా హాలుకి దిగాను.

స్మోక్ అలారం భయానికి హారతి వరండాలో ఇచ్చారట. ఆంటీ పళ్ళెంతో ఎదురొచ్చారు.

"మీ గోలలో మా చిన్న గంట ఒక్కరికీ వినపళ్ళేదు, తెలుసా?"

"కొండ మీద మోగితే ఊరంతా వినాల్సిందే ఆంటీ."

ఎర్రగా కందిన నా అరచేతులకేసి చూశారు. గొంతు తగ్గించి అడిగారు.

"అన్ని గంటల్లో నీ గంటేదే?"

"ఆ పళ్ళెం ఇటివ్వండి, చెప్తాను."

ఇచ్చారు. ఇచ్చేముందు కొత్త కర్పూరం బిళ్ళ కూడా వేశారు.